కట్లు విప్పుకోవడం నిజమేనా? మధ్యలో ఆ జోకులెందుకు?

స్టేజీ మీద తాళ్ళతో కట్టించుకొని బయటపడటం నిజమేనా, మధ్యలో ఆ జోకులు దేనికి అని అడిగారు. మొదటిదానికి జవాబు చిన్నది. తాడూ నిజమే, ముడీ నిజమే. రెండోదాని గురించే నాకు చెప్పాలని ఉంది.

నాది చెన్నైలో లెక్కలు రాసే ఉద్యోగం. సెలవు రోజుల్లో పుట్టినరోజులకూ ఉగాది సభలకూ ఇంద్రజాలం చేస్తాను. తాడు ఎంత పొడుగైతే మాకు అంత మేలు. పదిహేను గజాలు ఇస్తే కట్టేవాళ్ళు మొదటి నాలుగు చుట్లూ బిగించి, మిగతాది చుట్టలేక అలసిపోతారు. ఆలోగా మేము ఛాతీ పొంగించి, మోచేతులు ఎడంగా పెట్టి నిలబడతాం. ఊపిరి వదిలితే చాలు, కావలసినంత వదులు దొరుకుతుంది.

ఒక ఉగాదికి పెరంబూరు అపార్టుమెంట్లలో "ఎవరైనా వచ్చి కట్టండి" అన్నాను. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచారు. ముప్పై ఏళ్ళు హార్బరులో ఓడలకు తాళ్ళు కట్టిన మనిషి అని తరువాత తెలిసింది. "రెండు చేతులకు ఇంత తాడెందుకు నాయనా?" అంటూ జేబులోంచి చాకు తీసి రెండు మూరలు కోశారు. నా చేతులు వెనక్కి పెట్టించి, ఒక్కో మణికట్టునూ విడిగా బిగించి, మధ్యలో ఇంకో ముడి వేశారు. ఛాతీ ఎంత పొంగించినా మణికట్టుకు ఒరిగేదేముంది?

రెండు నిమిషాలు గడిచాయి. పాట పెట్టవలసిన సౌండు కుర్రవాడు భోజనాల దగ్గర ఉన్నాడు. (సౌండు వాళ్ళ మీదా, స్టేజీ పక్కకు చేరి వీడియో తీసే నాన్నల మీదా నేను విడిగా ఒక పురాణమే రాయగలను.) అందరి కళ్ళూ నా భుజాల మీదే. "రేపటికి ఎవరైనా నా సెలవు చీటీ రాసి పెట్టండి, నా చేతులు ఖాళీగా లేవు" అన్నాను. హాలంతా నవ్వింది.

నవ్వే మనిషి పక్కవాడి వైపు తిరుగుతాడు. తిరగనివాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఆ కాస్త వ్యవధిలో బల్లకు వీపు ఆనించాను. గుడ్డ కింద నుంచి మా మేనల్లుడు బ్లేడు అందించాడు. తాడు తెగడానికి ఇంకో మూడు జోకులు పట్టాయి.

1904లో లండన్ నాటకశాల హిప్పోడ్రోమ్‌లో ఒక పత్రిక సవాలుగా తెచ్చిన చేతి సంకెళ్ళతో, కట్లు విప్పుకోవడంలో పేరుమోసిన ఇంద్రజాలికుడు హుడినీ గంటకు పైగా పెనుగులాడాడు. కోటు విప్పుకుంటాను, కాసేపు సంకెళ్ళు తీయండి అంటే వాళ్ళు ఒప్పుకోలేదు. చాకును పళ్ళతో పట్టుకొని కోటునే చీరేశాడు. జనం వెర్రెత్తిపోయారు. నన్నడిగితే ఆ రాత్రి ఆటంతా ఆ కోటుదే, సంకెళ్ళది కాదు.

ఆ రోజు నాకు పడిన చప్పట్లు మళ్ళీ ఎప్పుడూ పడలేదు. కోయగా మిగిలిన తాడును మాత్రం పెద్దాయన చక్కగా చుట్ట చుట్టి ఇంటికి పట్టుకుపోయారు. బట్టలు ఆరేసుకోవడానికట.