నెలాఖరుకు 620 రూపాయలు మిగిల్చే కొండ సైకిల్

ప్రశ్న: నా వయసు 38. కడపలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పని చేస్తున్నాను. చేతికి నెలకు 72 వేలు వస్తాయి, ఏడాదిలో రెండు మూడుసార్లు జీతం నెల దాకా ఆలస్యమవుతుంది. ఇంటి అప్పు వాయిదా 21 వేలు, ఇంటి ఖర్చు 27 వేలు. ఐదేళ్ల పాప పేరున సుకన్య సమృద్ధిలో 8 వేలు కడుతున్నాను. ఎఫ్‌డీలో 1.6 లక్షలు ఉన్నాయి. నెలకు రెండు ఆదివారాలు, మూడేసి గంటలు, పాలకొండల అంచున, అప్పుడప్పుడు గండికోట వైపు సైకిల్ తొక్కుతాను. ఎండలు ముదిరిన మూడు నెలలు బయటికి తీయను. ఇప్పుడున్న సైకిల్‌కు ముందు మాత్రమే సస్పెన్షన్ ఉంది. రాళ్ల మీద నడుము పట్టేస్తోంది, గుట్టలు ఎక్కలేకపోతున్నాను. బెంగళూరు షాపులో ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న (ఫుల్ సస్పెన్షన్) ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ 4.5 లక్షలు చెప్పారు. బ్యాటరీ విడిగా కొంటే 85 వేలట. బ్యాంకు 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. అక్కడే 2022 మోడల్ పాతది 2.4 లక్షలకు ఉంది. అమెరికాలో ఉన్న మా బావమరిది వచ్చేటప్పుడు ఒకటి తెస్తానంటున్నాడు. ఏది మేలు?

జవాబు: ముందు బావమరిది గారి మాట తేల్చేద్దాం, ఎందుకంటే అది కుదరదు. ఈ సైకిళ్ల బ్యాటరీలు చాలావరకు 500 నుంచి 800 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) మధ్య ఉంటాయి. ప్రయాణికుల విమానంలో 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని చేతి సంచిలోనూ, చెక్ఇన్ సామానులోనూ ఒప్పుకోరు. బ్యాటరీ లేకుండా తెస్తే, దానికి సరిపోయే బ్యాటరీ కోసం మీరు ఇక్కడ తిరగాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికాలో అమ్మే మోడళ్లలో మోటారు సాయం గంటకు 20 మైళ్ల దాకా, అంటే 32 కిలోమీటర్ల దాకా వస్తుంది. మన నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేని సైకిల్ కింద లెక్క. అది దాటితే మోటారు వాహనం. వారంటీ కూడా కొన్న దేశంలోనే చెల్లడం మామూలు. ఆయన ప్రేమకు ధన్యవాదాలు చెప్పి, ఆ దారి వదిలేయండి.

ఇక అప్పు. 4.5 లక్షలకు 14 శాతం, 36 నెలలంటే వాయిదా 15,380 రూపాయలు. మొత్తం కట్టేది 5.54 లక్షలు, అందులో వడ్డీ 1.04 లక్షలు. మీ లెక్కలో నెలకు మిగిలేది 16 వేలు. వాయిదా పోగా మిగిలేది 620 రూపాయలు. ఇంటి అప్పుతో కలిపి జీతంలో సగం వాయిదాలకే పోతుంది. నెల జీతం ఆలస్యమైతే రెండు వాయిదాలు ఒకేసారి మీద పడతాయి, ఎఫ్‌డీ విరగ్గొట్టాల్సి వస్తుంది. మీలాంటి జీతం ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలన్నది నా పట్టుదల. వాయిదా, ఇంటి ఖర్చు కలిపి 48 వేల చొప్పున 2.88 లక్షలు. ఇప్పటికే 1.28 లక్షలు తక్కువలో ఉన్నారు. అందుకే ఈ అప్పు వద్దంటున్నాను. సైకిల్ మంచిదా కాదా అన్నది ఆ తర్వాతి మాట. బంగారం పెట్టి తెచ్చినా ఇదే కథ. వడ్డీ కొంచెం తగ్గుతుంది గాని, ఏడాది తిరిగేసరికి అసలంతా ఒక్కసారిగా కట్టే షరతుతో ఇచ్చేవే ఎక్కువ.

కాని మీరు అడిగినది సరదా ఖర్చు కాదు, ఒంటికి పనికొచ్చే అలవాటు. దాన్ని గౌరవిస్తూనే లెక్క వేద్దాం. మీరు తొక్కేది ఏడాదికి 54 గంటలు, ఐదేళ్లకు 270. సైకిల్ 4.5 లక్షలు, వడ్డీ 1.04, హెల్మెట్, మోకాళ్ల రక్షణ, గ్లవ్స్ 20 వేలు, నిర్వహణకు ఏడాదికి 25 వేల చొప్పున 1.25 లక్షలు. మొత్తం దాదాపు 7 లక్షలు. ఐదేళ్ల తర్వాత అమ్మితే మూడో వంతు, అంటే 1.5 లక్షలకు మించి నేను వేసుకోను. పాత బ్యాటరీ ఉన్న ఇలాంటి బండికి కడపలో కొనేవారు దొరకరు, బెంగళూరుకో హైదరాబాదుకో తీసుకెళ్లాలి. ఆ లెక్కన తొక్కిన ప్రతి గంటకూ 2 వేల రూపాయలు పైనే. వారం వారం నాలుగు గంటలు తొక్కే మనిషికి ఇదే బండి గంటకు వెయ్యి లోపు పడుతుంది. అందుకే ధర కన్నా ముందు గంటలు చూడమంటాను.

నిర్వహణకు 25 వేలెందుకని అడుగుతారు. ఛార్జింగ్ ఖర్చు లెక్కలోకే రాదు, 630 వాట్ అవర్ల బ్యాటరీ నిండా ఎక్కితే ఐదారు రూపాయల కరెంటు. డబ్బు పోయేది కదిలే భాగాల మీద. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ కింది గొట్టాల్లో ఆయిలు, సీళ్లు సుమారు 50 గంటలకొకసారి చూడాలి, అంటే మీకు ఏడాదికొకసారి. వెనక కుదుపు తీసుకునే షాక్‌లో గాలి ఉండే గొట్టానికీ (ఎయిర్ క్యాన్) అంతే. లోపల ఎగిరిపాటును ఆపే డ్యాంపర్ సర్వీసు కంపెనీని బట్టి ఏడాదికో, 200 గంటలకో. మన దుమ్ము ఎర్రటి సన్న పొడి, సీళ్లలో దూరితే ఫోర్క్ గొట్టాల పూతను గీరేస్తుంది. ఒకసారి గీరుకుపోయిందంటే సీళ్లు మార్చినా ఆయిలు కారుతూనే ఉంటుంది. పెడళ్ల దగ్గర మోటారున్న మిడ్ డ్రైవ్ బండ్లలో ఆ బలమంతా చైన్ మీదుగానే పోతుంది. పెద్ద కంపెనీల మోటార్ల తిప్పే బలం (టార్క్) 85 న్యూటన్ మీటర్లు, కొన్నింటిది అంతకు మించి ఉంటుంది, కాబట్టి మామూలు సైకిల్ కన్నా చైన్ తొందరగా సాగుతుంది. 11, 12 స్పీడు చైన్ అర శాతం సాగగానే మార్చాలి. కొలిచే గేజి కొన్ని వందలకు వస్తుంది. మార్చకుండా లాగితే వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి (క్యాసెట్) పళ్లు కూడా అరిగి, చైన్ ధరకు నాలుగైదింతలు పెట్టాల్సి వస్తుంది. వెనక చట్రం కీళ్లలో బేరింగులుంటాయి, ప్రెషర్ పైపుతో కడిగితే వాటిలోకి నీళ్లు పోతాయి.

కడపలో ఈ పని చేసేవాళ్లు దొరకరనే అనుకుని ప్లాన్ చేసుకోండి. సర్వీసుకు బండి మొత్తం బెంగళూరు మోయక్కర్లేదు. ఫోర్క్, షాక్ విప్పి ఆ రెండే కొరియర్‌లో పంపవచ్చు, విప్పడానికి అలెన్ కీలు, టార్క్ రెంచి చాలు. బ్యాటరీని మాత్రం మామూలు కొరియర్‌లో వేయకండి, అది ప్రమాదకర సరుకు కిందికి వస్తుంది. బ్రేకుల్లో ఏ ద్రవం ఉందో కొనే ముందే చూడండి. డాట్ 4 లేదా డాట్ 5.1 అయితే టూవీలర్ స్పేర్ పార్టుల షాపులోనే దొరుకుతుంది. మినరల్ ఆయిల్ బ్రేకులైతే తెప్పించుకోవాలి. ఒకదానికి బదులు మరొకటి పోస్తే సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తం పాడవుతుంది.

బ్యాటరీ ధర రాశారంటే అది పోతుందని మీ భయం కాబోలు, కాని భయపడాల్సింది వేరే వైపు. పెద్ద కంపెనీలు మామూలుగా రెండేళ్లు లేదా 500 పూర్తి ఛార్జీల వారంటీ ఇస్తాయి. మీరు ఏడాదికి 18 సార్లు బయటికి వెళితే ఐదేళ్లకు వందో, నూటయాభయ్యో ఛార్జీలవుతాయి. ఛార్జీలు అయిపోయి మీ బ్యాటరీ పోదు, ఎండకూ వయసుకూ పోతుంది. కడప మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. రేకుల షెడ్డులో అంతకు మించి కాగుతుంది. మీరు వాడని ఆ మూడు నెలలే దానికి గండం. నిండా ఛార్జ్ చేసి వేడిలో వదిలేస్తే లోపల రసాయనాలు త్వరగా క్షీణిస్తాయి, ఖాళీగా వదిలేస్తే వోల్టేజి మరీ పడిపోయి మళ్లీ ఛార్జ్ తీసుకోకపోవచ్చు. 30 నుంచి 60 శాతం మధ్య ఉంచి, విప్పి, ఇంట్లో చల్లని గది నేల మీద పెట్టండి, నెలకోసారి చూడండి. తొక్కి రాగానే వేడి మీద ఛార్జర్ తగిలించకండి, గంటసేపు ఆగాలి.

ఇవన్నీ చూశాక 2.4 లక్షల పాత బండి మీద ఆశ పుడుతుంది. ధర బాగున్నట్టే కనిపిస్తుంది, కాని కొత్త బ్యాటరీ 85 వేలు కలిపితే 3.25 లక్షలు. ఆ అంకెతోనే బేరం మొదలుపెట్టండి. చూడటానికి వెళ్లినప్పుడు మోటారు కంపెనీ డయాగ్నస్టిక్ రిపోర్టు అడగండి, ఎన్ని పూర్తి ఛార్జీలయ్యాయో, బ్యాటరీలో ఎంత సామర్థ్యం మిగిలిందో అందులో వస్తుంది. అది చూపించనంటే అక్కడితో వదిలేయండి. తర్వాత సీటు పట్టుకుని వెనక చక్రం నేల మీద ఉండగానే కొంచెం పైకి లాగండి. టక్కుమని ఆట కనిపిస్తే షాక్ బుష్‌లు గానీ కీళ్ల బేరింగులు గానీ పోయాయి. షాక్‌లో మీ బరువుకు సరిపడా గాలి కొట్టించి, కూర్చుంటే అది కదిలే మొత్తం దూరంలో పావు వంతు నుంచి 30 శాతం దాకా దిగాలి. నొక్కి వదిలితే నెమ్మదిగా పైకి రావాలి, ఎగిరిపడితే డ్యాంపర్ పని అయిపోయింది. రాత్రంతా అలాగే ఉంచమని, మర్నాడు గాలి తగ్గిందేమో చూడండి. మోటారు కింది కవరు మీద లోతైన గీతలు, పగుళ్లు ఉంటే బండల మీద మోదిన బండి. ఫ్రేమ్ నంబరున్న అసలు బిల్లు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి, దొంగ సొత్తు అయితే బండీ పోతుంది, డబ్బూ పోతుంది.

మధ్యలో ఒక హెచ్చరిక. 40 వేలు, 60 వేలకు డబుల్ సస్పెన్షన్ ఎలక్ట్రిక్ సైకిల్ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి వెనక ఉండేది వట్టి స్ప్రింగే, ఎగిరిపాటును ఆపే డ్యాంపర్ ఉండదు. గుంటలో దిగాక సీటు మిమ్మల్ని పైకి విసురుతుంది, నడుము నొప్పి ఇంకా పెరుగుతుంది. మోటారు వెనక చక్రం మధ్యలో ఉంటుంది. నిట్టనిలువు గుట్ట మీద చక్రం మెల్లగా తిరిగినంతసేపూ అది వేడెక్కుతూనే ఉంటుంది, గేర్లు దానికి సాయం చేయవు. ఆ బరువంతా సస్పెన్షన్ కిందే ఉండటంతో చక్రం రాళ్ల మీద దూకుతుంది. కాలేజీకి వెళ్లి రావడానికి బాగానే ఉంటాయి, గండికోట బండలకు మాత్రం కొనకండి.

కొనకుండా నడుముకు ఏం చేయాలంటే, ఉన్న సైకిల్‌ను సరిచేయండి. 10 వేల లోపు పని. చాలామంది రాళ్లలో తొక్కే టైర్లలో 40, 50 పీఎస్ఐ గాలి కొట్టిస్తారు, ప్రతి రాయీ నేరుగా వెన్నుకు తగులుతుంది. రిమ్ము ట్యూబ్‌లెస్‌కు పనికొచ్చేదైతే ట్యూబు తీసేసి, 2.3 అంగుళాల టైరు వేయించి, ఒక్కోదాంట్లో చిల్లులను లోపలి నుంచి పూడ్చే ద్రవం (సీలెంట్) 100 మిల్లీలీటర్లు పోసి, 24 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. రిమ్ము రాళ్లకు తగులుతుంటే ఒకటి రెండు పెంచండి. పల్లేరు కాయలకూ, కంప ముళ్లకూ ఇంతకన్నా మందు లేదు. కాకపోతే మన ఎండకు సీలెంట్ ఎండిపోతుంది, రెండు నెలలకోసారి కొలిచి పోయాలి. ఫోర్క్‌లో గాలి మీ బరువుకు తగ్గట్టు ఉందో లేదో చూడండి, కూర్చుంటే 15 నుంచి 20 శాతం దిగాలి. గుట్ట ఎక్కడానికి ముందు పళ్లచక్రం చిన్నది వేయించుకుంటే ఎక్కువ బలం పెట్టక్కర్లేదు. సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సరిచేశాకా నొప్పి ఉంటే ఎముకల డాక్టరుకు చూపించండి. వెన్నుపూసలో ఇబ్బంది ఉంటే ఏ సస్పెన్షనూ దాన్ని నయం చేయదు.

ఇప్పుడు మీ 16 వేల దారి చెబుతాను. మొదటి ఎనిమిది నెలలు అది ఎఫ్‌డీకి చేర్చండి, 1.28 లక్షల లోటు సరిగ్గా పూడుతుంది. తొమ్మిదో నెల నుంచి అదే 16 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 7 శాతం వడ్డీ అనుకుంటే 18 నెలలకు 3 లక్షలు పైన, 28 నెలలకు సుమారు 4.85 లక్షలు చేతికొస్తాయి. అంటే అప్పు తీరే ఆ మూడేళ్లకే, ఆరు నెలల ఖర్చు నిండా ఉండి, కొత్త బండికి నగదు కూడా ఉంటుంది. సుకన్య సమృద్ధి 8 వేలను ఈ మధ్యలో ఎక్కడా ముట్టకండి.

ఈలోగా ఒక నోట్‌బుక్‌లో తొక్కిన గంటలు రాయండి. ఏడాదికి 80 దాటితే 18 నెలల దగ్గర, పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గిన పాత బండి కొనండి, నేను సంతోషంగా ఒప్పుకుంటాను. 54 దగ్గరే ఆగితే ఉన్న సైకిలే చాలు. గంటలు రాసేటప్పుడు ఎక్కడ తొక్కారో కూడా రాయండి. లంకమల అభయారణ్యంలోకీ, శేషాచలం రిజర్వు అడవుల్లోకీ అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. ఎర్రచందనం కాపలా ఉన్న చోట సైకిల్ మీద వచ్చిన మనిషిని కూడా ఆపి నిలదీస్తారు. అవి తీసేశాక మీకు మిగిలే దారులు ఎన్ని కిలోమీటర్లో తెలిస్తే, 24 కిలోల ఎలక్ట్రిక్ బండి వాటికి అవసరమా అన్నది మీకే తెలుస్తుంది.

బీమా కాగితాలు రెండు తీసి చూడండి. ఆరోగ్య బీమాలో సాహస క్రీడల మినహాయింపు, పాలసీలో ఎక్స్‌క్లూజన్ 09 అని ఉంటుంది, వృత్తిగా ఆడేవారికే వర్తిస్తుంది. ఆదివారం సరదాగా తొక్కే మీకు చికిత్స ఖర్చు వస్తుంది. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలో మాత్రం కంపెనీని బట్టి షరతులు మారతాయి, మౌంటెన్ బైకింగ్ కవర్ అవుతుందా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచిపెట్టుకోండి. టర్మ్ ఇన్సూరెన్స్ సంగతి మీరు రాయలేదు. లేకపోతే ఈ నెల 16 వేలలో మొదటి ఖర్చు అదే.