రేసు ఇంజన్ల కోసం ఆరు లక్షల అప్పు: బోరింగ్ మెషీన్ కంటే ముందు కొనాల్సినవి

ప్రశ్న: తిరుపతి కరకంబాడి రోడ్డులో నాకు బైక్ మెకానిక్ షాపు ఉంది. వయసు 31. యమహా ఆర్ఎక్స్ 100 (పాత టూ స్ట్రోకు బైకు) ఇంజన్లు ఎక్కువగా వస్తాయి, నెలకు సగటున 12 రీబిల్డ్ చేస్తాను. బోరింగ్, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడను చెక్కి కొంచెం పెద్దది చేసే పని, బయట చేయిస్తాను, సిలిండర్‌కు 600 తీసుకుంటారు. పోయిన ఏడాది 10 ఇంజన్లు జామై (పిస్టన్ సిలిండర్‌లో పట్టేసి) వెనక్కి వచ్చాయి, ఒక్కోదానికి నా జేబులోంచి 3,200 దాకా పోయింది. షాపు ఖర్చులు పోను 38 వేలు మిగిలితే ఇంటికి 24 వేలు అవుతుంది. బ్యాంకులో 1.10 లక్షలు, ఇంట్లో 15 సవర్ల బంగారం ఉన్నాయి. నాలుగేళ్ల పాప ఉంది. పాత బోరింగ్ మెషీను, బోరు గోడను నున్నగా రుద్దే హోనింగ్ మెషీను కలిపి 3.60 లక్షలకు వస్తున్నాయి. డ్రాగ్ రేసు (తిన్నటి దారిలో తక్కువ దూరం పందెం) బండి ఒకటి తయారు చేయడానికి 2.40 లక్షలు కావాలి. బంగారం పెట్టాలా, ముద్ర లోను తీసుకోవాలా?

జవాబు: మీరు లెక్కలు దాచకుండా రాశారు కాబట్టి నేనూ లెక్కతోనే మొదలుపెడతాను. ఆరు లక్షలు నూటికి రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 12 శాతానికి, ఐదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు 13,350. ఇల్లు గడిచాక మీకు మిగిలేది 14 వేలు. వాయిదా కట్టాక చేతిలో 650 రూపాయలు ఉంటాయి. ఒక్క నెల పాపకు జ్వరం వచ్చినా, షాపు పది రోజులు మూసినా వాయిదా తప్పుతుంది. కాబట్టి ఆరు లక్షలు ఒకేసారి వద్దు. బంగారం అసలు కదపొద్దు.

ఇక మెషీన్ సంగతి. 3.60 లక్షలకు వాయిదా 8,000. మీరు బయట ఇచ్చే బోరింగ్ 12 సిలిండర్లకు 7,200. హోనింగ్ రాళ్లు, కట్టర్ టిప్పులు, కరెంటు కలిపి సిలిండర్‌కు 120 అనుకుంటే నిజంగా మిగిలేది 480 చొప్పున 5,760 మాత్రమే. నెలకు 17 సిలిండర్లు వస్తే తప్ప మెషీన్ తన వాయిదా తాను కట్టుకోలేదు. మీ పన్నెండు కాక పక్క షాపుల నుంచి ఐదు రావాలి, అవీ ప్రతి నెలా రావాలి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ పది ఇంజన్లు. ఏడాదికి 32 వేలు పోయింది, దాంతో పాటు మళ్లీ విప్పి బిగించిన రోజులూ పోయాయి. ఈ నష్టం సొంత మెషీన్ కొంటే ఆగదు, కొలిస్తే ఆగుతుంది. అందుకే మొదటి ఖర్చు కొలిచే సామాన్ల మీద పెట్టమంటున్నాను. 35 నుంచి 60 మిల్లీమీటర్ల డయల్ బోర్ గేజి, సిలిండర్ లోపలి వెడల్పు కొలిచేది, ఒకటి కావాలి. పిస్టన్ కొలవడానికి మైక్రోమీటర్లు రెండు కావాలి, 25–50ది ఒకటి, 50–75ది ఒకటి. ఆర్ఎక్స్ 100 బోరు 50 మిల్లీమీటర్లు. స్టాండర్డ్ పిస్టన్ యాభైకి కాస్త తక్కువ ఉంటుంది కాబట్టి మొదటిదాంట్లో పడుతుంది, ఓవర్‌సైజు పిస్టన్ యాభై దాటుతుంది కాబట్టి పట్టదు. ఒక్కటే కొని రెండోది వాటంగా చూసుకుందాం అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. వీటితో పాటు అయస్కాంతం స్టాండుతో డయల్ గేజి, క్రాంకు చూడటానికి వి-బ్లాకుల జత, టార్క్ రెంచి, క్రాంకు తిరిగిన కోణం చూసే డిగ్రీ వీలు, హెడ్ లోపలి ఖాళీ ఎన్ని సీసీలో కొలవడానికి బ్యూరెట్, ఇంజన్ గాలి పరీక్షకు చిన్న పంపు, మీటరు. వీటికి 40 వేలు కేటాయించండి. పొదుపులోంచి తీయండి, అప్పు వద్దు. జామైన ఇంజన్లు సగానికి తగ్గినా రెండున్నరేళ్లలో ఆ డబ్బు వెనక్కి వస్తుంది. దాదాపు అన్నీ ఆగితే ఏడాదిన్నర లోపే వస్తుంది.

ఎలా ఆగుతాయో చెబుతాను. బోరింగ్ షాపుకు సిలిండర్ ఒక్కటే పంపి ‘యాభైకి పాతిక పాయింట్లు కొట్టండి’ (పాయింటు అంటే 0.01 మిల్లీమీటరు) అంటే పని చెడినట్టే. పిస్టన్ కూడా పంపాలి. పిస్టన్‌ను స్కర్ట్ (కింది భాగం) కింది అంచుకు కొంచెం పైన, పిస్టన్‌ను రాడ్‌కు కలిపే గడ్జన్ పిన్నుకు అడ్డంగా కొలవాలి. ఆ కొలతకు తయారీదారు చెప్పిన గ్యాప్ కలిపి బోరు అడగాలి. తిరిగొచ్చాక పైన, మధ్యలో, కింద రెండు దిక్కులా ఆరు కొలతలు తీసి జాబ్ కార్డులో రాయండి. హోనింగ్ అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలో గ్యాసు వచ్చిపోయే రంధ్రాల) అంచులకు చిన్న వాలు తీయకపోతే రింగు తగులుకుని విరుగుతుంది. బోరు సరిగ్గా ఉన్నా జామైందంటే క్రాంకు సీళ్లు చూడండి. మాగ్నెటో వైపు సీలు లీకైతే బయటి గాలి లోపలికి వెళ్లి పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ పీల్చుకుని తెల్లగా పొగ పెడుతుంది. పోర్టులు మూసి ఆరు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఎక్కించి చూడండి. నిమిషానికి ఒక పీఎస్ఐ కంటే ఎక్కువ పడితే బండి డెలివరీ ఇవ్వొద్దు. ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్ల కూడా మిశ్రమం కొంత పలచబడుతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే పాత జెట్టే ఉంచి ఇచ్చే ముందు ప్లగ్గు రంగు చూడండి.

కస్టమర్లు ‘బోరు పెంచితే పవర్ వస్తుంది’ అని అడుగుతారు కదా. 50 బోరు, 50 స్ట్రోకుకు 98 సీసీ. ఒక మిల్లీమీటరు మొత్తం పెంచి 51 చేసినా 102 సీసీయే. నాలుగు శాతం కోసం పాతిక పాయింట్ల చొప్పున నాలుగు రీబోర్లు ఒకేసారి తినేసినట్టు. ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది, సిలిండర్ ఆయుష్షే అసలు ఆస్తి. రేసు పవర్ పోర్టు టైమింగులో (పోర్టులు ఎప్పుడు తెరుచుకుని మూసుకుంటాయో), స్క్విష్ గ్యాప్‌లో (పైకి వచ్చిన పిస్టన్‌కు, హెడ్‌ అంచుకు మధ్య సందు), ఎక్స్‌పాన్షన్ ఛాంబర్‌లో (టూ స్ట్రోకు సైలెన్సర్ ఉబ్బు గొట్టం), జెట్టింగులో ఉంటుంది. అవన్నీ మళ్లీ కొలతల పనే, పైన చెప్పిన సామాన్లే అక్కడా కావాలి.

రేసు బండి మీద మీ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. చెన్నై దారిలో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీకు ఒక పూట ప్రయాణం, దగ్గరలో ఉండటం అదృష్టమే. అయితే 2.40 లక్షలు బండి తయారయ్యే వరకే. రేసు ఇంజన్‌లో పిస్టన్, రింగులు, కనెక్టింగ్ రాడ్ పైకొన దగ్గరి చిన్న బేరింగు, ఇవన్నీ చెప్పుల్లాంటివి, అరిగేవే. ఆపై టైర్లు, లెదర్ సూటు, లైసెన్సు, ఎంట్రీ ఫీజు, బండి తీసుకెళ్లే వ్యాను. అప్పు తెచ్చి ఈ ఖర్చు మోయలేరు. నెలకు 3,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, రెండేళ్లకు 84 వేలు, పైన వడ్డీ. ఈలోగా ఇప్పటికే రేసుల్లో దిగుతున్నవాళ్లకు ఇంజన్లు కట్టండి. వాళ్ల డబ్బుతో మీ చేయి తిరుగుతుంది. అదే పనిని రోడ్డు బండ్లకు మాత్రం చేయొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 182ఎ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. వాహన బీమా పాలసీలో రేసింగ్‌కు కవరేజీ ఉండదు.

ఆదాయం పెంచుకోవడానికి మీ జిల్లాలోనే ఇంకో దారి ఉంది. మామిడి తోటల స్ప్రేయర్లు, కలుపు తీసే బ్రష్ కట్టర్లు, పవర్ వీడర్లు బాగుచేయడం. పూత కాలపు మందులు కొట్టే పని డిసెంబరు, ఫిబ్రవరి మధ్య జోరుగా ఉంటుంది, కాబట్టి అక్టోబరులోనే కార్బురేటర్ శుభ్రం చేసి, సీళ్లు మార్చి ఇస్తామని రైతులకు చెప్పండి. నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోలు జెట్లను మూసేస్తుంది, ఆయిల్ కలపకుండా నింపితే టూ స్ట్రోకు పిస్టన్ పోతుంది. ఈ రెండే సగం పని తెస్తాయి. అమెరికాలో గార్డెన్ ట్రాక్టర్ లాగుడు పోటీలకు, కార్టులకు ఇలాంటి సింగిల్ సిలిండర్లనే మారుస్తారు. అది చూసి 163 సీసీ పంపు ఇంజన్ గవర్నర్ (వేగం మితిమీరకుండా ఆపే భాగం) తీసేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. సుమారు 3,600 ఆర్పీఎం దాకా తట్టుకునేలా చేసిన కనెక్టింగ్ రాడ్ విరిగి క్రాంక్‌కేసు పగలగొడుతుంది, పోత ఫ్లైవీలు ముక్కలైతే మనిషికే ప్రమాదం.

నెలకు మిగిలే 14 వేలు ఇలా పంచండి. పొదుపులో సామాన్లు పోను మిగిలిన 70 వేలు దాదాపు మూడు నెలల ఇంటి ఖర్చు. అది ఆరు నెలలకు, అంటే 1.44 లక్షలకు చేరేదాకా నెలకు 5,000. పాప పేర సుకన్య సమృద్ధి 3,000. రేసు డిపాజిట్ 3,500. మిగిలిన 2,500తో 75 లక్షల టర్మ్ పాలసీ, కుటుంబానికి ఆరోగ్య బీమా. టర్మ్ ఫారంలో రేసింగ్ గురించి అడిగిన చోట నిజం రాయండి, దాచితే రేపు మీ ఇంటివాళ్లకు క్లెయిమ్ దగ్గర చిక్కు. ఆరోగ్య పాలసీలో ప్రమాదకర క్రీడల మినహాయింపు చదవకుండా సంతకం పెట్టొద్దు.

ఈరోజు నుంచే ఒక నోటుబుక్కు పెట్టి మీవి, పక్క షాపులు అడిగినవి కలిపి నెలకు ఎన్ని సిలిండర్లో రాయండి. ఆరు నెలలు వరసగా 17కు తగ్గకపోతే అప్పుడు ముద్రలో కిశోర్ కింద, అంటే 50 వేల నుంచి 5 లక్షల లోపు, తాకట్టు లేకుండా అడగండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఇప్పుడే చేయించండి. కస్టమర్ల డబ్బు ఫోన్‌లో తీసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంటులో టర్నోవర్ కనిపిస్తుంది, చిన్న వ్యాపారాలకు ఆదాయపు పన్నులో ఉన్న అంచనా లాభం పద్ధతి కింద అలా వచ్చిన సొమ్ములో కనీసం 6 శాతం లాభంగా చూపితే చాలు, నగదుకైతే 8. మెషీన్ అమ్మేవాళ్లకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పాత సిలిండర్ తీసుకెళ్లి మీ కళ్ల ముందే బోరు చేయించండి. మీ బోర్ గేజితో పైనా కిందా కొలవండి. తేడా ఒక పాయింటు, అంటే 0.01 మిల్లీమీటరు దాటితే మెషీన్ అరిగిందన్నమాట, ఆ బేరం వదిలేయండి.