సమాధానం: ఫోన్‌లో తెలుగు హెడ్డింగుల వత్తులు తెగిపోతున్నాయి

మీ వార్తల కార్డుల్లో 'రాష్ట్రం' అన్న మాటకి కింద ఉండాల్సిన ట వత్తు, ర వత్తు ఫోన్‌లో సగానికి తెగి, ల్యాప్‌టాప్‌లో మాత్రం బాగానే కనిపిస్తున్నాయన్నారు కదండీ. ఫాంట్ పాడైందేమోనని టెన్షన్ పడకండి, దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

మీరు పెట్టిన రోబోటో ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. కాబట్టి బ్రౌజర్ ఏ పరికరంలో ఏ తెలుగు ఫాంట్ దొరికితే దాన్ని వాడుతుంది: విండోస్‌లో సాధారణంగా నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో శాన్స్ తెలుగు. రెండింటి కొలతలూ ఒకటి కావు. పైగా హెడ్డింగ్ రెండు లైన్లు దాటకూడదని లైన్-క్లాంప్ పెట్టారు. దానితో పాటు వచ్చే ఓవర్‌ఫ్లో హిడెన్, డబ్బా బయటికి వచ్చినదాన్ని కోసేస్తుంది. మీరు ఇచ్చిన లైన్-హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) 1.1 ఇంగ్లీషుకి సరిపోవచ్చు గానీ, రెండేసి వత్తులు వేలాడే మన లిపికి చాలదు.

ముందు డెవ్‌టూల్స్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే, పేజీ స్టైల్స్ మార్చి చూసుకునే పనిముట్లు) ఓవర్‌ఫ్లో టిక్ తీసి చూడండి. వత్తు తిరిగొస్తే రోగం అదే. అప్పుడు లైన్-హైట్ 1.6 చేయండి. పిక్సెల్స్‌లో ఇవ్వకండి, ఉత్త అంకె చాలు. ఇంకా అంచు తెగుతుంటే కింద 0.2 ఈఎమ్ (అంటే ఫాంట్ సైజులో 0.2 వంతు) ప్యాడింగ్, అంటే డబ్బా లోపలి ఖాళీ, కలపండి. కార్డుకి ఫిక్స్‌డ్ హైట్ ఉంటే మాత్రం తీసేయాల్సిందే, లేకపోతే తెగడం ఇక్కడ ఆగి అక్కడ మొదలవుతుంది.

ఇంగ్లీషు పేజీలు వదులైపోతాయనుకుంటే, తెలుగు పేజీలకి లాంగ్ అట్రిబ్యూట్‌లో (పేజీ ఏ భాషలో ఉందో చెప్పే హెచ్‌టీఎమ్‌ఎల్ గుర్తు) తెలుగు కోడ్ ఇచ్చి ఈ రూల్‌ని వాటికే పరిమితం చేయండి. ఎలాగూ ఇవ్వాల్సిందే అది, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లకీ పనికొస్తుంది.