పాతవాళ్లను కొత్తవాళ్లుగా చూపిస్తే రోజ్‌గార్ యోజన డబ్బు వస్తుందా?

ప్రశ్న: జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్ నడుపుతున్నాను. 34 మందికి పీఎఫ్ కడుతున్నాం. ఆర్డర్లు పెరిగాయి, ఇంకో ముగ్గురు కావాలి. కొత్తవాళ్లను తీసుకుంటే కేంద్రం ఒక్కొక్కరికి నెలకు మూడు వేలు ఇస్తుందని మా పీఎఫ్ కన్సల్టెంట్ చెప్పారు. పాతవాళ్లలో ఐదుగురిచేత రాజీనామా రాయించి, నెల తర్వాత మళ్లీ చేర్చుకున్నట్టు చూపిస్తే ఇంకా లాభమంటున్నారు. కొత్తగా చేరేవాళ్లకు ప్రభుత్వం 15 వేలు ఇస్తుందట కదా, ఆ మేరకు మొదట్లో జీతం తగ్గించవచ్చా?

జవాబు: రాజీనామాలు రాయించకండి. ఆ అవసరమే మీకు లేదు. ముగ్గురిని నిజంగా తీసుకుంటే చాలు, ఈ పథకం మీకు నేరుగా పనికొస్తుంది.

మీరు అడుగుతున్నది ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన గురించి. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య చేరిన ఉద్యోగులకు ఇది వర్తిస్తుంది. యజమానికి డబ్బు రావాలంటే మనుషుల సంఖ్య నిజంగా పెరగాలి. 50 మందికన్నా తక్కువ ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకోవాలి, 50 లేదా అంతకుమించి ఉంటే ఐదుగురిని. చేరినవాళ్లు కనీసం ఆరు నెలలు ఉండాలి. నాలుగో నెలలో మానేసినవారి మీద మీకేమీ రాదు. కాబట్టి మొదటి ఆరు నెలల ఖర్చు మీ జేబులోంచే అనుకుని లెక్కవేసుకోండి.

మూడు వేలన్నది అందరికీ కాదు. పీఎఫ్ లెక్కించే జీతం 20 వేలు దాటి లక్షలోపు ఉంటేనే మూడు వేలు. 10 వేలు దాటి 20 వేల వరకు ఉంటే రెండు వేలు. 10 వేలలోపు అయితే జీతాన్నిబట్టి వెయ్యి వరకు. మామూలుగా ఇది రెండేళ్లు వస్తుంది, మీది తయారీ రంగం కాబట్టి నాలుగేళ్లు. ఉదాహరణకు మూలవేతనం, డీఏ కలిపి 15,000 ఇస్తున్నారనుకుందాం. మీ పీఎఫ్ వాటా 1,800, ఇన్సూరెన్స్, నిర్వహణ చార్జీలు కలిపి ఇంకో 150. మొత్తం 1,950. ప్రభుత్వం ఇచ్చేది 2,000. ఈఎస్ఐ వాటా 488 వేరే. అంటే పీఎఫ్ భారం దాదాపుగా మీ మీద పడదు. నాలుగేళ్లూ ఉంటే ఒక్కొక్కరి మీద 96,000, ముగ్గురికి 2,88,000. ఈ డబ్బు పాన్‌తో లింకైన మీ ఖాతాలోకి వస్తుంది. ఇంత సవ్యంగా వచ్చేదాన్ని వదిలి తప్పుడు దారి ఎందుకు?

ఇక కన్సల్టెంట్ సలహా. మీరు నెలనెలా పంపిన ఈసీఆర్‌లన్నీ, అంటే ఎవరికెంత పీఎఫ్ కట్టారో చూపే రిటర్నులు, పీఎఫ్ ఆఫీసు దగ్గరే ఉన్నాయి. ఐదుగురు వెళ్లి అదే ఐదుగురు వస్తే సంఖ్య 34 దగ్గరే ఉంటుంది. ప్రతి ఉద్యోగికి ఉండే పీఎఫ్ నంబరు యూఏఎన్ ఆధార్‌తో ముడిపడి ఉంది, కొత్త యూఏఎన్‌కు ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించాలి. మనిషిని మార్చి చూపించడం కుదరని పని. అయినా క్లెయిమ్ చేస్తే అది మోసం. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. సంతకం మీది, కాబట్టి మొదట జవాబు చెప్పాల్సింది మీరే. ఇదివరకటి ప్రధానమంత్రి రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజన (పీఎంఆర్‌పీవై) పథకంలోనూ అర్హత లేని క్లెయిమ్‌లు బయటపడి, డబ్బు వెనక్కి రాబట్టారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ ఐదుగురి సంగతి. ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇచ్చే గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. నాలుగేళ్లు చేసినవాడిచేత రాజీనామా రాయిస్తే కాగితం మీద ఆ సర్వీసు తెగిపోతుంది. రాజీనామా ఉత్తుత్తిదేనని తర్వాత నిరూపించుకోవచ్చు, కానీ కోర్టు చుట్టూ తిరిగే ఓపిక, డబ్బు ఆ కార్మికుడికి ఎక్కడివి? యజమాని చెప్పాడు కదా అని చదవకుండా సంతకం పెట్టి, పదేళ్ల తర్వాత ఆ కాగితంతో నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. మీవాళ్లకు ఆ గతి పట్టించకండి.

15 వేల విషయం. అది కార్మికుడి డబ్బు. పీఎఫ్‌లో మొదటిసారి చేరుతూ, జీతం లక్షలోపు ఉన్నవారికి ఒక నెల పీఎఫ్ వేతనం, గరిష్ఠంగా 15,000, రెండు విడతల్లో వస్తుంది. ఆరు నెలల తర్వాత మొదటిది. 12 నెలలు నిండి, ఆర్థిక అవగాహన కార్యక్రమం పూర్తిచేశాక రెండోది. ఆధార్ లింకైన వాళ్ల ఖాతాలోకే పడుతుంది. దాన్ని చూపి జీతం తగ్గించడం చెల్లదు. కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వకూడదు, పీఎఫ్‌లో మీ వాటాను వాళ్ల జీతంలోంచి పట్టుకోకూడదు. ఇంకొకటి, ఇదివరకు వేరేచోట పీఎఫ్ ఉన్నవారిని తీసుకున్నా మీ ప్రోత్సాహకం మీకొస్తుంది. వాళ్లకు మాత్రం ఆ 15 వేలు రావు. ఇంటర్వ్యూలోనే ఈ మాట చెప్పేయండి, తర్వాత గొడవ ఉండదు.

మీరు అడగలేదు గానీ, 30 మంది లేదా అంతకుమించి ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను, అంటే పని నేర్చుకునేవాళ్లను, తీసుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. మొత్తం సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం వరకు. మీ సంఖ్యకు ఐదుగురి దాకా తీసుకోవచ్చు. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం (ఎన్‌ఏపీఎస్) కింద స్టయిపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రిజిస్టరైనవారికి పీఎఫ్ ఉండదు, కాబట్టి వాళ్లను రోజ్‌గార్ యోజన లెక్కలో కలపలేరు. మెషీన్ మీద రోజంతా ఉత్పత్తి చేయిస్తూ అప్రెంటిస్ అని పేరు పెట్టడం కూడా తప్పే.

మనుషులు దొరకడం కష్టంగా ఉంటే కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఖాళీలు పెట్టండి, ఫీజు లేదు.

ఐదుగురి దగ్గర రాజీనామా కాగితాలు ఇప్పటికే తీసుకుని ఉంటే, పీఎఫ్ పోర్టల్‌లో ఎగ్జిట్ తేదీ వేయకముందే వాటిని వాళ్ల చేతికి తిరిగి ఇచ్చేయండి.