మాత్రలు పంచారు సరే, మింగారా?

పేద దేశాల్లో రక్తహీనత ఎందుకింత ఎక్కువ, ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు ఉచితంగా పంచుతున్నా ఎందుకు తగ్గట్లేదు అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. తొమ్మిదేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా ఆరోగ్య శిబిరాల్లో కూర్చుని వేళ్లు గుచ్చి హిమోగ్లోబిన్ చూసినదాన్ని, మధ్యలో నాకే రక్తం తక్కువని తేలినదాన్ని కూడా. అందుకే బల్లకి అటూ ఇటూ రెండు వైపులా చూసింది చెప్తాను.

ముందు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనాల్లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 30 శాతం, గర్భిణుల్లో 37 శాతం, ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 40 శాతం మందికి రక్తహీనత ఉంది, అందులో ఎక్కువ భారం ఆఫ్రికా, దక్షిణాసియాలదే. 2025కల్లా ఆడవాళ్లలో దీన్ని సగానికి తగ్గిస్తామని 2012లో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. తగ్గలేదు. గడువు 2030కి జరిగింది, అంతే.

రక్తహీనత అనగానే ఐరన్ తక్కువ అని మనందరి బుర్రల్లో ముద్ర పడిపోయింది. ఐరన్ లోపం పెద్ద కారణమే, కాదనను. కానీ తిండిలో తక్కువ తీసుకోవడం వేరు, ఒంట్లోంచి కారిపోవడం వేరు. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, ఒక కాన్పు నుంచి తేరుకోకముందే ఇంకో కాన్పు (ఒక్క గర్భానికే మొత్తం మీద 1000 మిల్లీగ్రాముల దాకా ఐరన్ కావాలి), ఇవి పోను కొంకి పురుగులు. ఇవి చెప్పులు లేని కాళ్లకి మట్టిలోంచి అంటుకుని, చర్మంలోంచి లోపలికి దూరి, ఊపిరితిత్తుల మీదుగా పేగుల్లోకి చేరి అక్కడ రక్తం తాగుతాయి. జాతిని బట్టి ఒక్కో పురుగు వల్ల రోజుకి 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్ల దాకా పోతుంది. చుక్క కూడా కాదు కదా అనిపిస్తుంది, కానీ వంద పురుగులు ఏడాది పాటు ఉంటే లెక్క మీరే వేసుకోండి. మరుగుదొడ్డి, చెప్పులు కూడా రక్తహీనతకి మందే అని నేననేది అందుకే. ఇక మలేరియా ఎర్ర కణాలని నేరుగా పగలగొడుతుంది. ఒంట్లో ఏదో ఒక ఇన్ఫెక్షన్ ఎప్పుడూ రగులుతుంటే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, పేగులు ఐరన్‌ని రక్తంలోకి వదలకుండా అడ్డుకుంటుంది, అప్పుడు మాత్ర వేసినా ఒంటికి పట్టేది తక్కువ. ఫోలిక్ యాసిడ్, బీ12 లోపాలు, తలసీమియా, సికిల్ సెల్ లాంటి వంశపారంపర్య జబ్బులు మళ్లీ వేరే కథ.

కొలతలో కూడా తేడాలొస్తాయి, ఇది బయటివాళ్లకి తెలీదు. ఒకసారి క్యూ పెద్దదై, నేను హడావిడిలో ఉండి, ఒక అమ్మాయి వేలు చల్లగా ఉంటే రక్తం రాక గట్టిగా పిండాను. హిమోగ్లోబిన్ 9.8 గ్రాములు వచ్చింది. పక్కనున్న సీనియర్ చూసి, ఆ పిల్ల చేతిని కాసేపు రుద్ది వెచ్చబడ్డాక ఇంకో వేలు గుచ్చి, మొదటి చుక్క దూదితో తుడిచేసి, తర్వాత దానంతటదే ఊరిన చుక్క తీసుకుంది. 11.4. పిండితే కండలోని నీరు రక్తంలో కలిసి పలచబడుతుందన్నమాట. గర్భిణి కాని ఆడవాళ్లకి గీత 12 దగ్గర ఉంది కాబట్టి ఆ పిల్లకి రక్తం తక్కువే, కానీ కాస్త తక్కువకీ బాగా తక్కువకీ తేడా ఉంది కదా. ఆరోజు అంతకుముందు నేను పిండిన వేళ్లెన్నో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా సంగతికొస్తే, ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉండి సరదాకి నా వేలే గుచ్చుకున్నాను. 8.9! మెట్లెక్కితే ఆయాసం, ఫ్రిజ్ తీసి ఐసు ముక్కలు నమలడం, రక్తం తక్కువ లక్షణాలన్నీ ఉన్నాయి, పని ఒత్తిడి అనుకున్నా. మాత్రలు మొదలుపెడితే కడుపులో మంట, మలబద్ధకం, పైగా విరేచనం నల్లగా. భయపడి మూడు వారాలకి ఆపేశాను, ఎవరికీ చెప్పలేదు. అందరికీ "మానకుండా వేసుకోండమ్మా" అని చెప్పే నోటితోనే! కొన్ని నెలల తర్వాత ఒక నర్సమ్మ పట్టుకుని అడిగింది: "మాత్ర దేంతో వేసుకున్నావ్?" టీ తాగుతూ, కాల్షియం మాత్రతో కలిపి. ఆవిడ తిట్టలేదు. టీ, కాఫీలకి దూరంగా వేసుకో, కాల్షియం వేరే పూట, రోజూ పడకపోతే రోజు విడిచి రోజు, నల్లగా రావడం మామూలే, హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు ఆపకు అంది. నెలసరి గురించి కూడా ఆవిడే అడిగి స్కానింగ్‌కి పంపింది, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే గడ్డ, నెలసరిలో రక్తం ఎక్కువ పోయేది దానివల్లే. అది చూసుకోకుండా మాత్రలు మింగడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

ఆ ఐదు నిమిషాల మాట మందు చీటీలో ఉండదు. మా రిజిస్టర్లో "ఇచ్చిన మాత్రలు" అని గడి ఉండేది, "మింగినవి" అని లేదు. నేను స్కేలు పెట్టి గీసి ఒక గడి కలిపాను, మొదటి నెల అది చాలావరకు ఖాళీయే.

వియత్నాంలో యెన్ బాయ్ అనే ప్రాంతంలో 2006 నుంచి ఆడవాళ్లకి వారానికోసారి ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్ర, దాంతోపాటు కొన్ని నెలలకోసారి పురుగుల మందు ఇచ్చారు, ఊళ్లోనే ఉండే ఆరోగ్య కార్యకర్తల చేత. కొన్నేళ్లలో రక్తహీనత దాదాపు సగానికి దిగింది. దీనికి ఎదురు కథ టాంజానియాలోని పెంబా దీవి. మలేరియా బాగా ఉన్న ఆ చోట ఒక అధ్యయనంలో చిన్నపిల్లలకి ముందు రక్తపరీక్ష చేయకుండా ఐరన్ ఇస్తే ఆసుపత్రి పాలవడాలు, మరణాలు కలిపి చూస్తే పెరిగాయని తేలి, ఐరన్ ఇవ్వడం మధ్యలోనే ఆపేశారు, ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. మలేరియా ఉన్నచోట దాన్ని అదుపు చేసే పని కూడా పక్కనే నడవాలని అప్పట్నుంచి చెప్తున్నారు. పిండిలో ఐరన్ కలపడం మంచిదే, కానీ మిల్లుకి రాని, ఇంట్లో విసురుకునే పిండికి అది చేరదు. అన్నిటికన్నా ఖర్చు లేనిది, బిడ్డ పుట్టగానే కాకుండా కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డు కోయడం. ఆ నిమిషంలో మావి నుంచి వెళ్లే రక్తం బిడ్డకి నెలల తరబడి ఐరన్ నిల్వ.

మీ ఇంట్లో ఎవరికైనా తక్కువుంటే, మాత్రలు సరిగ్గా వేసుకున్నాక నాలుగు వారాలకి మళ్లీ చూపించండి. ఒక గ్రామయినా పెరగకపోతే మాత్రల బ్రాండు మార్చుకుంటూ కూర్చోకుండా ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), బీ12, తలసీమియా పరీక్షల గురించి డాక్టర్ని అడగండి.