అంపైరింగ్ ఫీజులో టీడీఎస్ కోశాక కూడా రిటర్న్‌లో చూపించాలా?

తమ్ముడూ, గుంటూరులో ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేస్తూ ఆదివారాలు అంపైరింగ్‌కి వెళ్తున్నానని, 10 శాతం కోసేశారు కాబట్టి ఇక చూపించక్కర్లేదు కదా అని అడిగావు. చూపించాలి. టీడీఎస్ అంటే నీ పేరున ముందే జమైన పన్ను, అంతే. ఆదాయం లెక్క దాంతో తీరిపోదు. అంపైర్లు, రిఫరీల ఫీజును 2008లోనే 194జె (వృత్తి ఫీజుల్లో టీడీఎస్ కోయమనే ఆదాయపు పన్ను సెక్షన్) కిందకి తెచ్చారు. 2025 ఏప్రిల్ నుంచి ఒక సంస్థ ఏడాదిలో 50 వేలు దాటి ఇస్తేనే కోత (అంతకుముందు 30 వేలు), కోయకపోయినా అది ఆదాయమే. ముందు ఆదాయపు పన్ను సైట్‌లో 26ఏఎస్ (నీ పేరున జమైన పన్ను పట్టిక), ఏఐఎస్ (నీ ఆదాయ వివరాల పట్టిక) రెండూ తీసి నీ బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూసుకో.

ఇక ఖర్చులు. మూలపాడు గ్రౌండ్‌కి పెట్రోలు, కారైతే కాజ టోల్, బంతుల కౌంటర్, అంపైర్ టోపీ లాంటివి ఫీజులోంచి తీసేయొచ్చు, కొత్త పన్ను విధానంలో ఉన్నా సరే, ఎందుకంటే అక్కడ పోయేది 80సీ (పొదుపు మీద మినహాయింపు) లాంటివి, వృత్తి ఖర్చులు కాదు. స్కూల్‌కీ వేసుకెళ్లే బూట్లు మాత్రం కలపకు. బిల్లు మీద మ్యాచ్ తేదీ రాసి పెట్టుకో, రేపు నోటీసొస్తే అదే కాపాడుతుంది.

సగం ఆదాయం చూపిస్తే చాలని ఎవరో చెప్పారన్నావే, అది 44ఏడీఏ, కొన్ని వృత్తులకు మాత్రమే ఇచ్చిన సెక్షన్. ఆ వృత్తుల జాబితాలో అంపైర్లు లేరు, దాని జోలికి పోవద్దు. వృత్తి ఆదాయంగా చూపిస్తే జీతగాళ్లు మామూలుగా వేసే రిటర్న్ ఫారం ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో నీ మొత్తం ఆదాయం 12 లక్షల లోపుంటే పన్నే పడదు, కోసిన డబ్బు వెనక్కొస్తుంది, రిటర్న్ వేస్తేనే సుమా.