కంటి పొడవు నార్మల్ అంటే కార్నియా కూడా బాగున్నట్టేనా?

మీ నాన్నగారికి 71 ఏళ్ళు, శుక్లం ఆపరేషన్ చెప్పారు, కంటి పొడవు (ముందు నుంచి వెనక్కి) 23.6 మిల్లీమీటర్లు నార్మలే అన్నారు, కే రీడింగ్ (కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, వంపు కొలత) మాత్రం రెండు చోట్ల రెండు రకాలుగా వచ్చింది, పొడవు బాగుంది కాబట్టి కార్నియా కూడా బాగున్నట్టేనా అని అడిగారు. కాదండీ. పొడవును బట్టి కార్నియా నాణ్యత చెప్పలేం. రీడింగులు కలవనప్పుడు కంట్లో పెట్టే లెన్స్ ఖరారు చేయనే చేయొద్దు.

నేను డాక్టర్‌ని కాదు. మా అత్తయ్యని గూడూరు నుంచి చెన్నై రప్పించి, పెరంబూర్‌లో మా ఇంట్లో ఉంచుకుని రెండు కళ్ళకీ ఆపరేషన్ చేయించినదాన్ని. మొదట వెళ్ళిన ఆస్పత్రిలో కంటి ప్రెషర్ చూశారు, కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేశారు, ఆ తర్వాత కొలతలు తీశారు. కుడి కంటి కే రీడింగులు రెండు దిశల్లో 43.25, 45.50. తేడా 2.25 డయాప్టర్లు (పవర్ కొలిచే లెక్క). సిలిండర్ (రెండు దిశల వంపుల్లో తేడా) ఎక్కువుంది, దాన్ని సరిచేసే టోరిక్ లెన్స్ వేయాల్సిందే, డబ్బు ఎక్కువవుతుంది అన్నారు. అత్తయ్యకి డబ్బు కన్నా భయం ఎక్కువైంది. "నా కన్ను అంత పాడైపోయిందా అమ్మా?" అని ఇంటికొచ్చేదాకా అడుగుతూనే ఉన్నారు.

ఆ టెన్షన్‌తోనే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ఏ చుక్కలూ వేయకముందే టోపోగ్రఫీ, అంటే కార్నియా ఉపరితలం మొత్తానికి పటం, తీయించారు. కంటి మీద పడిన తెల్లటి వలయాలు స్క్రీన్ మీద కనిపించాయి. పైన గీతలు చక్కగా ఉన్నాయి, కింద మాత్రం ముగ్గు మీద నీళ్ళు చిలికినట్టు చెదిరిపోయాయి. రెప్పలు ఆర్పమన్నారు. గీతలు అతుక్కున్నాయి. నాలుగైదు సెకన్లకి మళ్ళీ చెదిరాయి. "చూశారా, ఇది కార్నియా వంకర కాదు, కన్నీటి పొర నిలవడం లేదు" అన్నారు. మూడు వారాలు కన్ను ఆరిపోకుండా చుక్కలు, రోజూ రెప్పల మీద గోరువెచ్చని కాపడం. మళ్ళీ కొలిస్తే 43.50, 44.25. తేడా ముప్పావు డయాప్టరే. టోరిక్ అవసరం లేదన్నారు.

ఆవిడ ఓపిగ్గా చెప్పిన దాంట్లో నాకు అర్థమైంది రాస్తాను. కంటి మొత్తం పవర్‌లో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 43 డయాప్టర్లు, కార్నియాదే. వెలుగు దానికన్నా ముందు తగిలేది కన్నీటి పొరకి. పెద్దవాళ్ళలో ఆ పొర త్వరగా ఆరిపోతుంది, అందుకే కొలిచిన ప్రతిసారీ ఒక అంకె. కే రీడింగ్ చూసేది మధ్యలో దాదాపు మూడు మిల్లీమీటర్ల మేర వంపునే. ఉపరితలం నున్నగా ఉందో లేదో అందులో ఉండదు. దానికి టోపోగ్రఫీ, అబెరోమెట్రీ (కంట్లో వెలుగు ఎలా చెదురుతుందో కొలిచే పరీక్ష) కావాలి.

పొడవాటి కంటికి కార్నియా కాస్త చదునుగా ఉండటం మామూలే, సంబంధం ఉన్నది అక్కడే. లెన్స్ పవర్ లెక్కకి మాత్రం పొడవు ప్రాణం. ఒక్క మిల్లీమీటర్ తప్పు పడితే పవర్ రెండున్నర డయాప్టర్లకి పైగా తేడా వస్తుంది. వయసుతో నిలువు వంపు తగ్గి సిలిండర్ దిశ మారుతుంది, కోమా (వెలుగు చుక్క తోకలా సాగి కనిపించడం) లాంటి సూక్ష్మ లోపాలు పెరుగుతాయి. పగలు కంటిపాప చిన్నదిగా ఉండి వాటిని దాచేస్తుంది. రాత్రి అది పెద్దదయ్యాకే ఎదుటి బండి లైట్లు తోకలు సాగినట్టు కనిపిస్తాయి. మీ నాన్నగారిని ఇది తప్పకుండా అడగండి. మల్టీఫోకల్ లెన్స్ దూరానికీ దగ్గరకీ వెలుగుని పంచేస్తుంది కాబట్టి, కార్నియాలో ఇలాంటి లోపాలు ఎక్కువుంటే దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎండలో, దుమ్ములో పనిచేసినవారైతే కంట్లో కండ పెరిగిందేమో కూడా చూపించండి. అది కార్నియాని లాగి కే రీడింగుని మార్చేస్తుంది. పెద్దదైతే ముందు దాన్ని తీసి, వంపు కుదురుకున్నాకే లెన్స్‌కి కొలుస్తారు.

రెండు చోట్లా కొలతలకి ముందు చుక్కలు వేశారా, ప్రెషర్ చూశారా అని కనుక్కోండి, అవి కన్నీటి పొరని చెదరగొట్టి రీడింగుని మార్చగలవు. మూడోసారి తీసేటప్పుడు ఉదయాన్నే, కంటికి ఏదీ తగలకముందే తీయమనండి, టోపోగ్రఫీ ప్రింట్ కూడా అడిగి తీసుకోండి. అత్తయ్యకి ఒకే దూరానికి పనిచేసే మామూలు మోనోఫోకల్ లెన్సే వేశారు. ఇప్పుడు సాయంత్రం పూట కూడా మిద్దె మెట్లు ఒక్కరే దిగుతున్నారు, చుక్కలు మాత్రం మానలేదు.